ఎలుకల బుట్టయు శాసనసభయు

గ్రామపెద్దలారా,

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప మన రామచంద్రపురము చుట్టుపట్ల భూములు సార్వా, దాళ్వా అని ఏటికి రెండు పంటలు పండుట క్రమముగా అలవడినది. పంట రెండైనచో ఎలుకకు భోజనమును రెండు మారులే. పందికొక్కు పొట్టమీదనున్న దుబ్బులను మొదట కొరికి పడవేయును. తినునది కొంచెము, పాడుచేయునది మెండు. కంకులు పండిన పిమ్మట వానిని గట్టులోని కలుగులకు మోసికొనిపోయి గాదె నింపినట్లు నింపుకొనును.

దీనికి మన పూర్వులెరిగిన విరుగుడు ఎలుకలు పట్టువాడు. అతని పనిముట్టు వెదురు. వెదురుబద్దను విల్లువలె వంచి, దారముతో బిగించి, లోపల గింజల ఎర నుంచి, సాయంకాలము ఎలుక నడచు దారిలో పెట్టును. ఎర ముట్టగానే బద్ద విడివడి దారము బిగియును. తెల్లవారకమునుపే వచ్చి లెక్క చూచుకొనును. కలుగులోని వానికి వేరొక ఉపాయము గలదు. అడుగున చిన్న రంధ్రము గల కుండలో గడ్డి రాజవేసి, కుండమూతిని కలుగునకు ఆనించి, రంధ్రముగుండ ఊదును. పొగ లోనికి పోవును. తక్కిన ద్వారములు ముందుగానే మూసియుండును. ఏ కలుగు క్రొత్తది, ఏది విడిచిపెట్టినది అనునది మట్టిని చూచి చెప్పగల నేర్పు బడిలో వచ్చునది కాదు. కోస్తా మండలములలో యానాదులు ఈ విద్యకు ప్రసిద్ధులు.

విషపుటెర చవుక, నిజమే. కాని జింకు ఫాస్ఫైడు తిని చావక మిగిలిన ఎలుక మరల ఆ ఎరను ముట్టదు. విషము తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబకును ముప్పు. బుట్టకు ఈ రెండు దోషములును లేవు. అయినను పట్టువానికి పని ఏటేట హామీగా దొరకదు. ఒక్క రైతు పట్టించిన ప్రయోజనము స్వల్పము. పొరుగు చేని ఎలుక కొన్నాళ్లలో ఖాళీ కలుగును ఆక్రమించును. ఊరంతయు ఒక్కసారి పట్టించవలెను, అందుకు ఉమ్మడి సొమ్ము కావలెను. ఇక్కడనే శాసనసభ్యుని ప్రసక్తి వచ్చుచున్నది.

అమెరికా రాష్ట్రములలో బొచ్చుతోళ్లకై ఉచ్చులు పన్నువారు చిరకాలముగా తమ శాసనసభలకు పోయి వాదించుచున్నారు. వారి గెలుపోటములు మనకు చూడదగినవి. మసాచుసెట్సు రాష్ట్రమున 1996లో ప్రజలు ఓటు వేసి కాలుపట్టు ఉచ్చులను, శరీరమును నొక్కు ఉచ్చులను చాలవరకు నిషేధించిరి. పిమ్మట బీవరులు వాగులకు అడ్డుకట్టలు కట్టగా నీరు రోడ్లమీదికిని ఇండ్లలోనికిని వచ్చెను. 2000లో శాసనసభ చట్టమును సవరించి, అట్టి ఆపదలలో అనుమతి నిచ్చు అధికారమును స్థానిక ఆరోగ్య మండలులకు ఒసగినది. సభ్యులను కదలించినది తోళ్ల వెల కాదు, నీట మునిగిన గృహస్థుల మొర. కాలిఫోర్నియాలో 2019లో బొచ్చు కొరకు ఉచ్చులు పన్నుటయే నిషిద్ధమయ్యెను.

లూసియానా కథ మనకు మరింత దగ్గరది. అదియు మిసిసిపీ నదీముఖమున నున్న డెల్టా. 1930 ప్రాంతమున దక్షిణ అమెరికానుండి న్యూట్రియా అను పెద్ద ఎలుకవంటి జంతువును బొచ్చు కొరకు అక్కడికి తెచ్చిరి. 1980ల చివర బొచ్చు ధర పడిపోగా పట్టువారు పని మానిరి. న్యూట్రియా బురదనేలలోని మొక్కలను వేళ్లతో సహా తినివేయగా నేల కరగి సముద్రమున కలియసాగెను. 2002 నుండి ప్రభుత్వమే తోక ఒక్కింటికి 4 డాలర్లు చెల్లించుచు వచ్చి, 2006లో 5, 2019లో 6 చేసినది. బొచ్చుకై పట్టినవానికి సంత విలువ యిచ్చెను. నేలకై పట్టినవానికి ప్రభుత్వము విలువ యిచ్చెను.

మనకు ఒక భేదము తెలిసియుండవలెను. వన్యమృగ రక్షణము 1976లో 42వ రాజ్యాంగ సవరణచే ఉమ్మడి జాబితాలో చేరినది. నీటికుక్క తోలు, కుంచెలకై ముంగిస వెండ్రుకలు అను వ్యాపారములు 1972 నాటి చట్టమునకు లోబడినవి; అందు సడలింపు కోరి రాష్ట్ర శాసనసభ్యుని యింటికి పోవుట వ్యర్థము, కోరుటయు తగదని నా యభిప్రాయము. ఎలుకలను తిను ముంగిసను చంపి ఎలుకలమీద మొరపెట్టుకొనుట యేమి న్యాయము? ఇక పంటను చీడలనుండి కాపాడుట యన్ననో, రాష్ట్ర జాబితాలో వ్యవసాయముతోపాటు 14వ అంశముగా స్పష్టముగా వ్రాయబడియున్నది. ఎలుక ఆ క్రిందికి వచ్చును. కావున మన సభ్యుడు "ఇది ఢిల్లీ విషయము" అని తప్పించుకొనుటకు వీలు లేదు.

పట్టువాడు తానే పోయి యడుగవచ్చును గదా యందురేమో. యానాదులలో కొందరు పరప్రభుత్వపు కాలమున నేరస్థ జాతుల చట్టము క్రింద నుండిరి. 1871లో పుట్టిన ఆ చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31వ తేదీనను రద్దయినది. నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్యగారు వారి పక్షమున జీవితమెల్ల పాటుపడిరి. 1973లో పద్మభూషణ బిరుదము పొందిరి. చట్టము పోయినను, అధికారి గుమ్మము నెక్కుటకు జంకు తాతలనుండి మనుమలకు వచ్చినది. మీరు వెంట నడచిననే అతడు నోరు విప్పును.

మహజరు చిన్నదిగా నుండవలెను. పొగడ్తలు వలదు. గ్రామసభ తీర్మానము, ఊరి ఆయకట్టు ఎకరములు, గత పంటలో ఎలుకవలన నష్టపడిన చేలు, ఎలుక ఒక్కింటికి పట్టువాడు కోరు కూలి, పొట్టదశకు ముందే పని ముగియుటకు కావలసిన దినములు, ఇవి చాలును. ఈ సొమ్ము వ్యవసాయశాఖ పద్దులో చేర్చవలెనని కోరుడు. ఒక్క ఊరి మహజరు బల్లమీద నిలుచును. ఒకే కాలువ క్రింది పది యూళ్ల మహజరులు ఒక్కదినమున చేరినచో సభ్యుడు సభలో ప్రశ్న వేయక తప్పదు. బడ్జెటు సమావేశములు సాధారణముగా ఫిబ్రవరి, మార్చి మాసములలో జరుగును గాన, సంక్రాంతి వెళ్లిన వారములోనే కాగితము చేరవలెను. పట్టువాడు ఒక్క చేనిలో ఒక్క రాత్రి పట్టిన తోకలను లెక్కించి, ఆ సంఖ్యను అడుగున వ్రాసి, మొదటి వ్రేలిముద్ర అతనిచేతనే వేయింపుడు.