సమాధి యొకచోట, స్మృతి యొకచోట

పంటకోతలు ముగిసి, కె.సి. కాలువలో నీరు తగ్గి, శనగకట్టె కల్లములకు చేరిన పిమ్మట, కడప జిల్లాలోని చాపాడు పరిసరములందలి నల్లరేగడి చేలగట్లమీదుగా కాలినడకన తిరుగుటకు మాఘఫాల్గుణములను మించిన కాలము లేదు. అప్పటికి ఎండ ముదరదు, మట్టి కాలికి అంటుకొనదు, పైరు లేని చేలలో దారి వెదకుకొనవలసిన పని యుండదు. ఊరివెలుపల నిలిచిన రాయి యేదైనను దూరమునుండియే కంటబడును. ఆ రాళ్ళలో గట్టురాళ్ళు, పొలిమేరరాళ్ళు పోగా మిగిలినవి చాలవరకు చనిపోయినవారివి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమల చరిత్రను గ్రంథములలో చదివినవారు సైతము ఒక్కసారి ఈ రాళ్ళవెంట నడచి చూడవలెనని నా విన్నపము.

వల్లకాటికి విహారమునకై పోవుట మన ఆచారము కాదు. అది పని యున్నపుడు మాత్రమే అడుగుపెట్టి, తిరిగివచ్చి స్నానముచేసి మరచిపోవలసిన చోటు. దహనసంస్కారము జరుపు ఇండ్లలో అస్థికలు నదిపాలగుటచే చదువుటకు మిగులునది యేమియు లేదు. మన పూర్వులు మృతుని పేరును రాతికి గాక తద్దినపు సంకల్పమునకు అప్పగించిరి, అందును తండ్రి, తాత, ముత్తాత యని మూడు తరములకే. నాలుగవ తరమున ఆ పేరు జారిపోవును. ఇంగ్లండు పల్లెలలో గుడి ఊరినడుమను, గుడిచుట్టును సమాధులు నుండుటచే ఆదివారపు ప్రార్థనకు పోవువాడు తాతముత్తాతల పేర్ల నడుమనుండియే నడచిపోవును. 1751లో పల్లెశ్మశానముపై విలాపకావ్యమును వెలువరించిన థామస్ గ్రే 1771లో మరణించి స్టోక్ పోజెస్ గ్రామపు గుడియావరణముననే విశ్రమించెను. కవియు, కావ్యవస్తువును, కవి కాయమును ఒక్కచోటనే చేరిన అట్టి భాగ్యము మనకు కలుగలేదు. జాషువా శ్మశానవాటి పద్యములు హరిశ్చంద్ర నాటకపు కాటిరంగమున రాగయుక్తముగా పాడగా విని కన్నీరు పెట్టని తెలుగువాడు లేడు గాని, నాటకము ముగిసినపిదప నిజమైన శ్మశానమువంక చూచినవారు అరుదు.

అయినను రాయలసీమలో పూడ్చు ఆచారము గల కుటుంబములు పెక్కు. రైతు తన చేనిమూలనే తండ్రిని సమాధిచేసి, దీపమునకు చిన్న గూడు కట్టించి, పండుగనాడు టెంకాయ కొట్టి పోవును. ఇవి నేటివి. వీనికన్న వెనుకటివి వీరగల్లులు. పశువులను తోలుకొనిపోవు దొంగలకు అడ్డుపడియో, ఊరికొరకు పోరాడియో ప్రాణములు విడిచినవానికి నిలిపిన ఈ రాళ్ళలో చెక్కడము తరచుగా అంతస్తులుగా నుండును: అడుగున కత్తిడాలు ధరించిన వీరుడు, నడుమ అతనిని చెరియొకవైపున పట్టుకొని పైకి గొనిపోవు అప్సరసలు, పైన శివలింగము. సహగమనము చేసిన స్త్రీకి నిలిపిన మాసతికల్లుపై గాజులు నిండిన చేయి మోచేతికడ వంగి పైకెత్తియుండును. ఆమె పేరు చాలసార్లు ఉండదు, ఆ చేయి మాత్రమే మిగులును. ఇట్టి రాయిని గ్రామస్త్రీలు దేవతగా భావించి తరతరములుగా సున్నము కొట్టి, పసుపు పూసి, కుంకుమ అద్దుచుండుటచే ముఖము నునుపై, కన్నులు పూడి, అడుగున అక్షరములున్నను పొరలక్రింద మరుగుపడును. దీనికి చింతించు పండితులున్నారు. నేను చింతింపను. ఆ సున్నమే లేకుండిన ఆ రాయి ఏనాడో ఏ గుంజకో, ఏ వాకిటిమెట్టుకో పోయెడిది.

ఈ సీమయే పూర్వపు రేనాడు; తెలుగున తొలి శాసనముగా ప్రసిద్ధికెక్కిన క్రీ.శ. 575 ప్రాంతపు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము ఎర్రగుంట్లకడ కలమళ్ళలో వెలువడినది. తెలుగును రాతికెక్కించు అలవాటు ఇంత పాతదైన నేల మరియొకటి తెలుగునాట కానరాదు.

రాయిని గూర్చి ఒకమాట. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతముల బండగనులనుండి వచ్చు నల్లని కడపబండ సున్నపురాతి జాతికి చెందినది. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు శిలావిన్యాసములపై రచించిన భూగర్భశాస్త్ర నివేదికలో ఈ సీమలోని శిలలను విస్తరించి వర్ణించెను. ఇంటి నేలకును, మెట్లకును, సమాధిపలకకును ఈ ప్రాంతమున ఇదియే వాడుక. తాటాకుకట్టలోని ఆకులవలె పొరలుపొరలుగా విడివచ్చు గుణమే దీనిని చవుకచేసినది. ఆ గుణమే సమాధిపలకకు శత్రువు. నేలకు పరచినంతకాలము భద్రముగా నుండు బండ, నిలువుగా పాతినంతనే అంచునుండి నీటిని పీల్చును. కొన్ని వర్షాకాలములకు పైపొర ఉబ్బును. ఒకనాడు అక్షరములన్నింటితోను ఒక్కపెట్టున ఊడిపడును. పేరు, తిథి, ప్రార్థన మొన్నటివరకు స్పష్టముగా నున్న రాయి నేడు కొత్తబండవలె నున్నగా నిలిచియుండును. నల్లసేనపురాయిపై వేయేండ్ల గీత నిలుచును, సున్నపుబండపై తాతపేరు మనుమని కాలమునకే నిలువకపోవచ్చును.

ఈ నష్టము అధికముగా కలుగునది క్రైస్తవ సమాధితోటలలో. లండన్ మిషనరీ సొసైటీవారు 1822లో కడపలో పని ప్రారంభించిరి. వారి వైద్యుడు క్యాంప్‌బెల్ పేర జమ్మలమడుగున వెలసిన ఆసుపత్రిని ఎరుగనివారు ఈ తాలూకాలలో లేరు. మిషను బడిలో అక్షరములు దిద్దిన కుటుంబములు, అంతకుముందు ఊరి శాసనములలో గాని గుడిగోడలపై గాని పేరెక్కుటకు నోచుకొననివి, తమవారి పేర్లను తొలిసారి రాతికెక్కించుకొన్నది చాలచోట్ల ఈ తోటలలోనే. వేపచెట్ల నీడన, సిలువక్రింద, ప్రభువునందు నిద్రించిరని ఆరంభమగు ఆ నాలుగు పంక్తులు శిల్పశోభ లేనివి, అక్షరదోషములు గలవి. అయినను ఒక కుటుంబపు వంశావళికి అవియే మొదటిపుట యని తలచినపుడు వానియెదుట కొంతసేపు నిలువక తప్పదు. నవంబరు 2వ తేదీన, సమాధుల పండుగనాడు, కతోలికులు తమవారి సమాధులను కడిగి, సున్నము వేసి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగింతురు. పోగలిగినవారు ఆనాటి సాయంకాలము పోవలెను.

చాపాడునకు ఈశాన్యముగా మైదుకూరు దాటి పోయిన కందిమల్లాయపల్లె కలదు. అచ్చట పోతులూరి వీరబ్రహ్మము 1693లో వైశాఖ శుద్ధ దశమినాడు సజీవసమాధి నిష్ఠుడయ్యెనని సంప్రదాయము; దూదేకుల కులమున బుట్టి ఆయనకు ప్రియశిష్యుడైన సిద్ధయ్యకు ముడుమాలలో మఠము కలదు. గురుశిష్యులు కులమతములను దాటిన కథ అందరెరిగినదే గనుక విస్తరింపను. ఇచ్చట సమాధియు స్మృతియు ఒక్కచోటనే నెలకొన్నవని మాత్రము గమనింపవలెను. ఏటేట ఆరాధనకు వచ్చు జనమే అందులకు సాక్షి. తక్కినవారి విషయమున ఈ రెండును విడిపోయి, ఎక్కడెక్కడనో నిలిచినవి.

థామస్ మన్రో కథ ఇందులకు ఉదాహరణము. నిజాము ఈస్టిండియా కంపెనీకి 1800లో దత్తముచేసిన మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807వరకు ఊరూర డేరాలు వేయించుకొని తిరిగి, పాళెగాండ్రను అణచి, పొలము పొలము కొలిపించి, రైతువారీకి పునాది వేసిన ఆ స్కాట్లండు దేశీయుడు, 1820లో మద్రాసు గవర్నరై, పదవి విడిచి స్వదేశమునకు మరలుటకు ముందు తన పాతసీమను కడసారి చూడగోరి 1827 వేసవిలో బయలుదేరెను. భార్య అంతకుముందే చిన్నకుమారునితో ఓడ యెక్కినది. గుత్తి దాటునప్పటికి పరివారములో వాంతిభేది సోకినది. జూలై 6వ తేదీ పగలు పత్తికొండ మకాములో ఆయనకే సోకి, ఆనాటి రాత్రికే ప్రాణములు గొనిపోయినది. శవమును గుత్తికి మరలించి కొండక్రింది తెల్లవారి శ్మశానమున పూడ్చిరి. అంతటితో ఆగలేదు. 1831లో అస్థికలను త్రవ్వించి మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ గుడికి తరలించిరి. ఆ నగరముననే శిల్పి చాంట్రీ పోతపోసిన కంచువిగ్రహము గుఱ్ఱముమీద వెలసినది. పత్తికొండలో బావి, చింతతోపు, గుత్తిలో సత్రము ఆయన పేర నేర్పడినవి. శరీరము మూడుచోట్ల ముట్టిన నేల ఇంత. శరీరము ముట్టని చోట ఆయనను జనము ఎట్లు నిలుపుకొన్నారో చూడుడు.

పులివెందుల సీమలో వేంపల్లెకడ పాపఘ్ని కొండను చీల్చుకొని వచ్చు చోటు గండి. రాముడు ఆ త్రోవన వచ్చినపుడు వాయుదేవుడు కొండనుండి కొండకు బంగారు తోరణము కట్టెననియు, రాముడు బాణపుమొనతో శిలపై ఆంజనేయుని రూపము గీసెననియు స్థలపురాణము. శ్రావణ శనివారములందు అచ్చట ఇసుక వేసిన రాలదు. ఆ తోరణము నేటికిని కలదనియు, పుణ్యాత్ములకు, అందును మరణము సమీపించినవారికే కనబడుననియు నమ్మిక. మన్రో గండిమీదుగా పోవుచు తలయెత్తి ఆ తోరణమేమని అడుగగా తోడివారికి ఏమియు కనబడలేదనియు, అది యెరిగిన పెద్దలు దొర ఇక బ్రదుకడని తలచిరనియు, పిమ్మట కొలదికాలమునకే పత్తికొండ వార్త వచ్చినదనియు చెప్పుకొందురు. ఈ కథను జిల్లా గెజెటీరులును గ్రంథస్థముచేసినవి. పన్ను వసూలుచేయ వచ్చిన పరదేశిని ఒక జనపదము తన రామకథలోనికి చేర్చుకొని, రామునికై కట్టిన తోరణమును అతనికి చూపించినది. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్న ఇండ్లు సైతము కలవు. కోటలోని పాలరాతిపలకకన్న ఇది గట్టి స్మారకమని నేను నమ్ముదును. అట్లని ఆ పాలననంతటిని పొగడుట కాదు.

ఏలననగా, చాపాడు చేలప్రక్కన పారు ఈ కుందూయే కోయిలకుంట్ల సీమనుండి దిగివచ్చుచున్నది. 1846లో అచ్చటి ఖజానాపై విరుచుకపడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీవారు 1847 ఫిబ్రవరి 22న అచ్చటనే ఉరితీసి, తలను కోటగుమ్మమున వ్రేలాడగట్టిరి. 1877వరకు అది అట్లే యుండెనందురు. ముప్పదియేండ్లు మనుష్యుని తలకు మట్టి దక్కనీయని ప్రభుత్వమును గూర్చి నేను వేరుగ వ్రాయనక్కరలేదు. సమాధి నోచుకొనని ఆ వీరునికి ఈ సీమ పాటలు కట్టినది; కూలివాండ్రును, బిచ్చగాండ్రును వానిని గొంతెత్తి పాడిరి.

ఇక చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1798లో కలకత్తాలో పుట్టి, 1820లో కడపకు ఉద్యోగియై వచ్చి తెలుగును పట్టుకొని, తన జీతముతో పండితులను పోషించి తాళపత్రములను సేకరింపజేసి, వేమన పద్యములను 1829లో అచ్చుకెక్కించి, 1852లో నిఘంటువును వెలువరించిన ఆ మహనీయుడు 1884 డిసెంబరు 12న లండనులో కన్నుమూసెను. ఆ నగరపు కెన్సల్ గ్రీన్ శ్మశానమున ఆయన సమాధి కలదు. కడపలో ఆయన సమాధి లేదు. ఆయన నివసించిన బంగళా స్థలమున జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలచే గ్రంథాలయము లేచినది. కెన్సల్ గ్రీనుకు పోయి ఆ సమాధిని వెదకి పూలుంచి వచ్చు తెలుగువారున్నారు. లండనులో బంధువులున్న మన జిల్లావాసులెవ్వరైనను ఒక పూట అందులకు కేటాయించుట బాగు.

చేలవెంట తిరుగువారికి కొన్ని మాటలు చెప్పవలసియున్నది. చేను ఎవరిదో తెలిసికొని వారి అనుమతితో పోవలెను. పూజ జరుగు రాయిని చెప్పులతో సమీపింపరాదు. అరిగిన అక్షరము రాతిముఖమునకు సూటిగా తగులు ఎండలో కనబడదు. తూర్పుముఖపు రాయిని ప్రొద్దెక్కి మధ్యాహ్నము కాబోవునపుడు, పడమటిముఖపు రాయిని మధ్యాహ్నము తిరిగిన వెంటనే చూడవలెను. ఎండ ఏటవాలుగా తగిలినపుడు గీతలలో నీడ నిండి, లేదనుకొన్న పంక్తి లేచి నిలుచును. ఎండ చాలనిచో చిన్న అద్దముతో వెలుగును ప్రక్కనుండి మరలింపవచ్చును. సుద్దముక్కతో అక్షరములను దిద్దరాదు, ఇనుముతో సున్నమును గీకరాదు, నీరు తప్ప మరేదియు పోయరాదు. మద్రాసు రాజధానిలోని సమాధిశాసనములను జూలియన్ జేమ్స్ కాటన్ అను సివిలు ఉద్యోగి సేకరించి 1905లో పుస్తకముగా అచ్చువేయించెను; అది ముఖ్యముగా తెల్లవారి సమాధులదే. మన ఊళ్ళ రాళ్ళకు అట్టి పుస్తకము మనమే వ్రాసికొనవలెను. చాపాడు మండలపు ఉన్నత పాఠశాలలలో చరిత్ర ఉపాధ్యాయులు ఊరికొక నోటుపుస్తకము తెరచినను చాలును: ఊరి పేరు, చేని సర్వే నంబరు, రాయి ముఖము ఏ దిక్కునకున్నది, ఎత్తు, వెడల్పు, బొమ్మ యుండిన దాని వర్ణన, కనబడిన అక్షరములు తప్పులతో సహా కనబడినట్లే, కనబడనిచోట చుక్కలు, చూచిన తేదీ.