మీకు తెలుసా? కొల్లేటి సీమలో ఇంగ్లీషు మాటల జోడీలు

ఇంగ్లీషులో ఏ మాట పక్కన ఏ మాట ఒదుగుతుందో తెలిస్తేనే వాక్యం సహజంగా వస్తుంది. ఈ జోడీలను ‘కొలొకేషన్లు’ అంటారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లో రోజూ చూసేవాటితోనే వీటిని నేర్చుకోవచ్చు.

• వాన, గాలి. మనకు పెద్ద వానా వస్తుంది, పెద్ద గాలీ వస్తుంది. ఇంగ్లీషులో ‘బిగ్ రెయిన్’ అనరు. వానకు ‘హెవీ’, గాలికి ‘స్ట్రాంగ్’ జోడీ. ‘వి హ్యాడ్ హెవీ రెయిన్ అండ్ స్ట్రాంగ్ విండ్స్ ఇన్ ఏలూరు’ అనాలి.

• వల, ఓటు. కొల్లేట్లో వల వేస్తాం, ఎన్నికల్లో ఓటు వేస్తాం. విచిత్రంగా ఇంగ్లీషులోనూ రెండింటికీ ఒకటే క్రియ, ‘కాస్ట్’. ‘హి కాస్ట్ హిజ్ నెట్’, ‘షి కాస్ట్ హర్ వోట్’. భూతకాలంలో కూడా ఈ క్రియ మారదు. అయితే అన్ని ‘వేయడాలూ’ ఇలా కలవవు. బొమ్మ వేస్తే ‘డ్రా’, మొక్క వేస్తే ‘ప్లాంట్’.

• చేపల చెరువు. ఆకివీడు, కైకలూరు వైపు చేపల చెరువుల్ని మన ఇంగ్లీషులో ‘ఫిష్ ట్యాంకులు’ అంటాం. దక్షిణాదిన ట్యాంకంటే చెరువే. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ పేరులో ఉన్నదీ అదే. లండన్‌లో మాత్రం ‘ఫిష్ ట్యాంక్’ అంటే ఇంట్లో చేపలు పెంచే గాజు తొట్టి. అక్కడివారికి ‘ఫిష్ పాండ్’ అని చెబితే సరిగ్గా అర్థమవుతుంది.

• గుంపులు. మనం పశువుల మంద, చీమల బారు అన్నట్టే ఇంగ్లీషులోనూ ఏ గుంపు పేరు దానిదే. ఆటపాకలో వాలే పెలికాన్లు ‘ఎ ఫ్లాక్ ఆఫ్ బర్డ్స్’. నీళ్లలో చేపలు ‘ఎ స్కూల్ ఆఫ్ ఫిష్’. ఈ స్కూలుకూ బడికీ చుట్టరికం లేదు. గుంపు అనే అర్థమున్న పాత డచ్చి మాట నుంచి ఇది వచ్చింది.

• పరీక్ష. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన నిట్ విద్యార్థి ‘ఐ యామ్ రైటింగ్ యాన్ ఎగ్జామ్’ అంటే, అందులో మన ‘పరీక్ష రాయడం’ వినిపిస్తుంది. బ్రిటన్‌లో ‘సిట్’, అమెరికాలో ‘టేక్’ ఎక్కువ. కెనడా, దక్షిణాఫ్రికాల్లో ‘రైట్’ కూడా చెల్లుతుంది. కాబట్టి దీన్ని తప్పనుకుని సిగ్గుపడక్కర్లేదు. వినేవారు ఏ దేశం వారో చూసుకుంటే చాలు.

• చేయడం. పనీ చేస్తాం, తప్పూ చేస్తాం. ఇంగ్లీషు ఈ ఒక్క క్రియను రెండుగా చీలుస్తుంది. హోంవర్క్‌కు ‘డూ’, పొరపాటుకు ‘మేక్’. ‘ఐ డిడ్ మై హోంవర్క్, బట్ ఐ మేడ్ ఎ మిస్టేక్’ అనే ఒక్క వాక్యం నోటికి వస్తే రెండూ గుర్తుంటాయి.

• గండి. 2024 సెప్టెంబరులో గండ్లు పడి విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరేది కొల్లేరుకే. గండి పూడ్చడాన్ని పత్రికల ఇంగ్లీషులో ‘ప్లగ్ ద బ్రీచ్’ అంటారు. గుంట పూడిస్తే మాత్రం ‘ఫిల్ ద పిట్’.

• తెలుగు చదివిన పండితుడు. మాటను దాని సావాసంతోనే గుర్తించాలని వాదించి, ‘కొలొకేషన్’కు భాషాశాస్త్రంలో స్థానం కల్పించిన జె.ఆర్. ఫర్త్ 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో ఇంగ్లీషు ఆచార్యుడు. 1937లో ఆయన మళ్లీ భారతదేశం వచ్చి గుజరాతీ, తెలుగు భాషలపై పరిశోధించారు. అంతకు ముందే, 1933లో, హెరాల్డ్ పామర్ టోక్యోలో ఇంగ్లీషు జోడీలపై పెద్ద నివేదిక వెలువరించారు. ఇంగ్లీషు నేర్చుకునే జపాన్ పిల్లలకు విడి మాటలు చాలవని ఆయన గ్రహించారు.

మన పిల్లలకూ అదే దారి. నోటుపుస్తకంలో ‘అటెన్షన్ అంటే శ్రద్ధ’ అని రాసి వదిలేయకండి. శ్రద్ధ పెట్టడం ‘పే అటెన్షన్’ అని క్రియతో కలిపి రాసుకుని, దానితో సొంతంగా ఒక వాక్యం కట్టండి. మన జోడీని, వాళ్ల జోడీని పక్కపక్కన పెట్టి చూసినవారికి రెండు భాషలూ పట్టుబడతాయి.