ఇంట్ల పెద్దాకు చెట్టు: మాన్‌స్టెరాను ఎట్ల బతికించుకోవాలె?

ఈమధ్య మన మిల్లు బస్తీ ఇండ్లల్ల ఒక పెద్దాకు చెట్టు కనబడుతున్నది. ఆకు చాటంత వెడల్పు, అంచులు చీల్చినట్లు, నడుమ నడుమ రంధ్రాలు. పేరు మాన్‌స్టెరా. పిల్లలు ముచ్చటపడి నర్సరీల వందల రూపాయలు పెట్టి తెస్తున్నరు. కొన్ని దినాలకే ఆకులు పసుపెక్కి, కాడ మెత్తబడి పోతున్నది. ఇంట్ల పెట్టిన చెట్టు నీళ్లు లేక చచ్చేది తక్కువ, నీళ్లు ఎక్కువై చచ్చేదే ఎక్కువ.

దాని పుట్టిల్లు తెలిస్తే పెంచుడు సులువు. మెక్సికో దక్షిణం నుంచి పనామా దాకా ఉన్న అడవులు దాని ఊరు. పెద్ద చెట్ల కింద మొలిచి, వాటిని పట్టుకొని పైకి పాకుతది. అక్కడ ఎండ జల్లెడ పట్టినట్లు దిగుతది, నేల గుల్లగ ఉంటది, గాలిల తేమ ఉంటది. ఈ మూడూ మన ఇంట్ల కుదరాలె.

మొదటిది వెలుతురు. తూర్పు కిటికీ దగ్గర పొద్దటి ఎండ తగిలే చోటు మంచిది. పడమటి ఎండకు పెడితే మే నెలల ఆకు కాలిపోతది. చీకటి మూలకు పెడితే ఆకులు చిన్నగ, రంధ్రాలు లేకుండ వస్తయి. లేత మొక్కకు మాత్రం రంధ్రాలు లేకున్నా దిగులు వద్దు, వయసొస్తే అవే వస్తయి.

రెండోది మట్టి. మన నాందేడ్ నల్లరేగడి పత్తికి బంగారం. కుండీల మాత్రం అది నీళ్లు పట్టుకొని ముద్దైతది, వేరుకు గాలాడక కుళ్లుతది. మట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు సమానంగ కలపండి. కుండీ అడుగున రంధ్రం తప్పకుండ ఉండాలె. నీళ్లు పోసే ముందు వేలు రెండు గణుపుల లోతు గుచ్చి చూడండి. తడి తగిలితే పోయొద్దు. పొడిగ ఉంటే నిండుగ పోసి, కింది పళ్లెంల దిగినవి పారబోయండి. చలికాలం ఇంకా తక్కువ చాలు.

మూడోది గాలి. సాంచల షెడ్డుల పనిచేసినోళ్లకు ఇది చెప్పే పనిలేదు. గాలి పొడిబారితే నూలు పోగులు టపటప తెగుతయని షెడ్డుల తేమ పెడుతుండె. ఆకు కూడ అంతే. ఎండకాలం మన దగ్గర 42, 43 డిగ్రీల వేడికి అంచులు గోధుమరంగు తిరిగి పెళుసైతయి. కూలరు ఉన్న అర్రల పెట్టండి, కూలరు గాలి నేరుగ కొట్టకుండ చూడండి. వారానికోసారి తడి నూలు బట్టతోని దుమ్ము తుడిస్తే ఆకుకు వెలుతురు అందుతది. పైకి పాకేతందుకు కొబ్బరి పీచు తాడు చుట్టిన పైపు నాటండి.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఇది మన చామగడ్డ కుటుంబం చెట్టు. చామాకు కూరల చింతపులుసు ఎందుకు పోస్తం? గొంతు దురద పెట్టొద్దని. ఆ దురద సూదులసొంటి సన్నటి స్ఫటికాల వల్ల వస్తది. మాన్‌స్టెరా ఆకు, కాడల్ల కూడ అవి ఉంటయి. ఏనుగుచెవి అని అమ్మే షోకు చెట్టైతే అచ్చం చామాకు లెక్కనే కనబడతది. అళూవడి చేద్దమని దాన్ని కోయకండి. ఉడకబెట్టినా, పులుసు పోసినా నమ్మరాదు.

పాకే పిల్లలున్న ఇంట్ల కుండీ అందకుండ పెట్టండి. బిడ్డ నమిలితే నోట్ల ముక్కలు తీసి, తడిబట్టతోని తుడిచి, చల్లటి నీళ్లు లేకుంటే పాలు కొంచెం కొంచెం తాపండి. బలవంతంగ కక్కించకండి. నాలుక, పెదవులు ఉబ్బినా, మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా వెంటనే దవాఖానకు తీసుకపోవాలె.

చెట్టు బాగ ఎదిగితే వానకాలం మొదట్ల గణుపు, గాలివేరు ఉన్న కాడ ముక్క కోసి నీళ్ల సీసాల పెట్టండి. గణుపు లేని ఒట్టి ఆకు చెట్టు కాదు. కోసినంక చేతులు సబ్బుతోని కడుక్కోండి. కొన్ని వారాలకు వేర్లు వస్తయి. అప్పుడు పక్కింటోళ్లకు ఇయ్యండి, వాళ్లకు కొనే ఖర్చు తప్పుతది. ఇచ్చేటప్పుడు పిల్లల సంగతి కూడ చెప్పి ఇయ్యండి.