ద్వితీయోపదేశకాండమునందలి రాజధర్మము

బైబిలునందలి పాతనిబంధనలో నైదవ గ్రంథమునకుఁ దెలుఁగున ద్వితీయోపదేశకాండమని పేరు. ఈ పేరు 'రెండవ ధర్మశాస్త్రము' అను నర్థము గల గ్రీకు పదము ననుసరించి వచ్చినది. ఆ గ్రీకు పదమునకు మూలమైన హీబ్రూ సమాసము 'మిష్నే హత్తోరా' యనునది. అది యీ గ్రంథముననే పదునేడవ యధ్యాయమున, రాజధర్మములఁ జెప్పు తావునఁ గానవచ్చుచున్నది. క్రీ. పూ. 3వ శతాబ్దమున నలెగ్జాండ్రియాయందు గ్రీకు భాషాంతరము చేసిన పండితులు 'మిష్నే' యను మాటను 'రెండవది' యని గ్రహించిరి. సందర్భము నరయఁగా నచట దాని యర్థము 'ప్రతి' యని తేటపడును. రాజు ధర్మశాస్త్రమునకుఁ దనకొఱకొక ప్రతి వ్రాసికొనవలయునని యచటి విధి. మాట చిన్నదే కాని, దానివలనఁ గలుగు భేదము చిన్నది గాదు. 'రెండవ శాస్త్రము' అన్నచోఁ గ్రొత్త శాస్త్రమొకటి పుట్టినట్లు తోఁచును. 'ప్రతి' యన్నచో శాస్త్రమొకటియే యనియు, రాజును దానికి లోఁబడినవాఁడే యనియు స్పష్టమగును.

ఈ ప్రకరణము 14 మొదలు 20 వఱకు నేడు వాక్యములలో ముగియుచున్నది. రాజు స్వజనులలోనివాఁడు కావలయును. అతఁడు గుఱ్ఱములను విస్తారముగాఁ గూర్చుకొనరాదు. వానికొఱకుఁ బ్రజలను మరల నైగుప్తునకుఁ బంపరాదు. పెక్కుమంది భార్యలను గ్రహింపరాదు. వెండి బంగారములను మితిమీఱి నిలువచేసికొనరాదు. శాస్త్రప్రతిని యావజ్జీవము దగ్గఱ నుంచుకొని చదువుచుండవలయును. ఇన్నిటికిని ఫలముగాఁ జెప్పఁబడినది, తన సోదరులకంటెఁ దాను గొప్పవాఁడనని యతని హృదయ ముప్పొంగకుండుట. ఇందు రాజుయొక్క యధికారములను గుఱించి యొక్క మాటయైనను లేకుండుట గమనింపఁదగినది. వివాదనిర్ణయము సహితము దీనికిఁ బూర్వమందలి వాక్యములలో యాజకులకును న్యాయాధిపతికిని విడువఁబడినది.

ప్రాచీన పశ్చిమాసియాయందు ఈ భావము సామాన్యమైనది కాదు. 1901లో సూసాయందు బయల్పడి యిప్పుడు పారిసునందలి లూవ్రు ప్రదర్శనశాలలో నున్న హమ్మురాబి శిలాస్తంభమున, రాజు సూర్యదేవతయెదుట నిలిచి యుండఁగా, క్రింద నతని పేరఁ జట్టములు చెక్కఁబడి యున్నవి. అచట రాజు శాసనకర్త. ఇచట రాజు శాస్త్రమును వ్రాసికొనువాఁడు, చదువువాఁడు.

ఈ నిషేధములు మూఁడును సొలొమోను చరిత్రము నుద్దేశించినవని విమర్శకు లనేకులు తలంచిరి. రాజుల మొదటి గ్రంథము అతనికి 1,400 రథములు, 700 భార్యలు, ఒక యేఁట వచ్చిన 666 తలాంతుల బంగారము ఉన్నట్లును, గుఱ్ఱము లైగుప్తునుండి వచ్చినట్లును చెప్పుచున్నది. అతని కుమారుఁడు రెహబాము, ప్రజలకు సేవకుఁడవై మెలఁగుమన్న వృద్ధుల యుపదేశమును త్రోసివేసి, కాఁడిని మఱింత బరువు చేయుదుననెను. ఆనాఁడే పది గోత్రములు విడిపోయినవి.

ఇట్లైనచో నీ విధి జరిగినదానికి వెనుకఁ బలికిన నింద మాత్రమే కాదా యను నాక్షేపము కలుగవచ్చును. యోషీయా కాలమున, క్రీ. పూ. 622 ప్రాంతమున, దేవాలయమందు దొరకిన గ్రంథమునకును దీనికిని సంబంధము కలదని 1805లో డి వెట్టె యను జర్మను పండితుఁడు వాదించెను. ఆ మత మంగీకరించినను విధికి బలము తగ్గదు. అనుభవించిన కీడునుండి పుట్టిన నియమము ఊహనుండి పుట్టినదానికంటె దృఢతరము. ఆ గ్రంథమును జదువఁగా విని యోషీయా వస్త్రములు చించుకొనెను. రాజు శాస్త్రమునకుఁ దల యొగ్గుట యన నిదియే.

అహాబు వృత్తాంతము మఱియొక సాక్ష్యము. నాబోతు ద్రాక్షతోట నీయ ననఁగా, రాజు దానిని నేరుగా లాగికొనలేకపోయెను. సీదోను రాజపుత్రియైన యెజెబెలు కూటసాక్షులను నిలిపి, విచారణ యను వేషము కల్పింపవలసి వచ్చెను. దుర్మార్గుఁడైన రాజునకును ధర్మముయొక్క ముసుఁగు కావలసివచ్చిన దేశమున, ధర్మము రాజుకంటె మీఁదిదని యందఱు నెఱిఁగియుండిరన్నమాట. ఆ ముసుఁగును దొలఁగింప నేలీయా ప్రవక్త వచ్చెను.

యూదు ధర్మవ్యాఖ్యాతలు 'మిష్నే' యను మాటకు 'జంట' యను నర్థము గ్రహించి, రాజు రెండు ప్రతులు వ్రాయింపవలయుననిరి: ఒకటి భాండాగారమున నుండును, ఒకటి యతఁడు పోవుచోటికెల్ల వెంట పోవును. వ్యుత్పత్తి యెట్లున్నను తాత్పర్యము సరియైనదే. ఈ గ్రంథకర్త వినయమును స్వభావగుణముగా నెంచి రాజునుండి యాశింపలేదు. ధనమునకు మేర, బలమునకు మేర, దినదినము పఠనము అను నభ్యాసములుగా దానిని విధించెను. గ్రంథమునకుఁ బేరైన మాట యీ విధిలోనిదే యని బోధించువారు విద్యార్థులకుఁ జెప్పుట యుచితము.