సంతకం చెల్లే నాళ్లలోనే

పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ ఏళ్ల ముందు నుంచే లెక్కలు వేసుకునే మనం, వృద్ధాప్యం దగ్గరికి వచ్చేసరికి ‘అప్పటి సంగతి అప్పుడు చూసుకుందాంలే’ అంటాం. వైకల్యం ఉన్న బిడ్డను పెంచుతున్న తల్లిదండ్రులను ‘మా తర్వాత వీడి గతేమిటి’ అన్న దిగులు రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. అయినా ఆ దిగులు కాగితం మీదికి ఎక్కదు. వృద్ధులకూ దివ్యాంగులకూ అండగా నిలిచే చట్టాలు మన దేశంలో చాలానే ఉన్నాయి. అయితే వీలునామా, దస్తావేజు, అధికారపత్రం అన్నింటికీ ఒకటే షరతు: సంతకం పెట్టేవారికి ఆ సమయంలో తాము ఏం చేస్తున్నదీ తెలిసి ఉండాలి. ఆ తెలివిడి ఉన్న రోజుల్లోనే ఏర్పాట్లు పూర్తి చేసుకోవాలి.

మతిమరుపు ముదిరాక

అల్జీమర్స్ వంటి వ్యాధుల్లో డబ్బు వ్యవహారాలు చక్కబెట్టే నేర్పు తొలిదశలోనే సన్నగిల్లుతుంది. కట్టిన కరెంటు బిల్లే మళ్లీ కట్టడం, పాసుపుస్తకంలో నిల్వ ఎంతో తేల్చుకోలేకపోవడం, ఫోనులో ఎవరో అడిగితే ఓటీపీ చెప్పేయడం వంటివి మొదలవుతాయి. పలకరింపులు, పాత జ్ఞాపకాలు మామూలుగానే ఉండటం వల్ల ఇంట్లోవాళ్లు వెంటనే పసిగట్టలేరు.

‘నాన్నగారు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అనే అధికారపత్రం) రాసిచ్చారు, ఇక భయం లేదు’ అని చాలామంది ధీమాగా ఉంటారు. అది నిజం కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 201వ సెక్షన్ ప్రకారం, రాసిచ్చిన వ్యక్తి మరణించినా మతి స్థిమితం కోల్పోయినా ఆ అధికారం రద్దవుతుంది. అంటే సరిగ్గా అవసరం పడే సమయానికే అది చెల్లకుండా పోతుంది. ఇంగ్లండులో 2005 నాటి చట్టం కింద, మతి తప్పాక కూడా చెల్లే అధికారపత్రం రాసుకోవచ్చు. మనకు అలాంటి ఏర్పాటు లేదు. కోమాలో ఉన్నవారి ఆస్తిని చూసుకోవడానికి సంరక్షకుల్ని నియమించే విషయంలో కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చిందంటే, చట్టంలో ఈ ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది.

వ్యాధి నిర్ధారణ అయినంత మాత్రాన అన్ని దారులూ మూసుకుపోవు. తెలివిగా ఉన్న వేళలో రాసిన వీలునామా చెల్లుతుందని 1925 నాటి వారసత్వ చట్టం చెబుతోంది. అలాంటప్పుడు వైద్యుడి ధ్రువపత్రం తీసుకోవడం, వీలైతే ఆయన్నే ఒక సాక్షిగా పెట్టుకోవడం మేలు.

వీలునామానా, సెటిల్‌మెంటా?

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే తర్వాత వచ్చే వివాదాల్లో బలంగా ఉంటుంది. కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. రాసినవారు బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. సెటిల్‌మెంట్ లేదా గిఫ్ట్ దస్తావేజు అలా కాదు. రిజిస్ట్రేషన్ అయిన రోజే ఆస్తి చేయి దాటిపోతుంది. ఇష్టం మారిందని ఒక్కరే వెళ్లి రద్దు చేసుకోలేరు.

పెద్దలు మోసపోయేది ఇక్కడే. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్, పోషణ షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పితే వెనక్కి తీసుకునే వీలు కల్పించింది. అయితే షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా చదవాలంటూ ఓ తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. ఆ కేసులో కొడుకు కడదాకా చూసుకుంటానని విడిగా రాసిచ్చిన హామీపత్రం ఉంది.

కాబట్టి దస్తావేజు లేఖరి రాసిన ‘ప్రేమాభిమానాలతో ఇచ్చితిని’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. ‘నా జీవితాంతం తిండి, బట్ట, వసతి, వైద్యం నీవే చూడవలెను, చూడని పక్షమున ఈ దస్తావేజు రద్దగును, నా తదనంతరమే ఇల్లు నీ స్వాధీనమగును’ అని స్పష్టంగా రాయించాలి. చదవలేనివారైతే, నమ్మకమైన మనిషితో సంతకానికి ముందే పైకి చదివించుకోవాలి. షరతు తప్పితే రెవెన్యూ డివిజన్ స్థాయిలో ఉండే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. పోషణ ఖర్చు కోరే దరఖాస్తును, నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలన్నది చట్టం పెట్టిన గడువు.

బిడ్డకు 18 నిండితే

మేధోవైకల్యం ఉన్న బిడ్డకు 18 ఏళ్లు నిండిన రోజున, చట్టం దృష్టిలో తల్లిదండ్రుల సంరక్షక హోదా ముగుస్తుంది. చాలామందికి ఇది బ్యాంకు కౌంటరు దగ్గరే తెలుస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేస్తే చట్టబద్ధ సంరక్షకుణ్ని నియమిస్తుంది. సంరక్షకుడు ఆరు నెలల్లోగా బిడ్డ ఆస్తుల జాబితా సమర్పించాలి. చూపు, వినికిడి, నడక లోపాలు ఉన్నవారికి ఇవేమీ అక్కర్లేదు. తమ ఆస్తి మీద తామే నిర్ణయం తీసుకునే హక్కు అందరితో సమానంగా వారికుందని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. వారి తరఫున ఇతరులు సంతకాలు పెట్టే అలవాటును మానుకోవాలి.

డబ్బు విషయంలో తల్లిదండ్రులు సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తారు. ఆస్తిని నేరుగా బిడ్డ పేరున పెడితే, దాన్ని అమ్మడానికీ అద్దెకివ్వడానికీ ఆ బిడ్డకు చేతకాదు. ‘తమ్ముణ్ని చూసుకో’ అని అన్న పేరున పెడితే, అన్న అప్పులపాలైనా కాలం చేసినా ఆ సొమ్ము తమ్ముడికి దక్కుతుందన్న భరోసా లేదు. ఇంతకన్నా మంచి దారి 1882 నాటి చట్టం కింద ఏర్పాటు చేసే ప్రైవేటు ట్రస్టు. దీన్ని వీలునామాలోనే ఏర్పాటు చేయవచ్చు. ఇద్దరు ముగ్గురు ట్రస్టీలు సొమ్ము చూస్తారు, పోషణ బాధ్యత వేరొకరు చూస్తారు. డబ్బూ మనిషీ ఒకరి చేతిలోనే ఉండకపోవడం బిడ్డకు పెద్ద రక్ష. ప్రభుత్వోద్యోగులైతే, సంపాదించుకోలేని దివ్యాంగ సంతానానికి జీవితకాల కుటుంబ పింఛను వచ్చేలా, ఆ పేరును తమ హయాంలోనే రికార్డులో ఎక్కించాలి.

వీటితోపాటు ఒక నోటు పుస్తకం కూడా ఉండాలి. ఫిట్స్ వస్తే ఏ మందు వేయాలి, ఏ చప్పుడుకు భయపడతాడు, అన్నం మెత్తగా కలపాలా, ఆకలేస్తే ఎలా సైగ చేస్తాడు, ఏ పాట వింటే నిద్రపోతాడు అన్నవన్నీ అందులో రాసిపెట్టాలి. దానికి చట్టబలం లేదు. కానీ రేపు కొత్తగా వచ్చి చూసుకునే మనిషికి ఆ బిడ్డను అర్థమయ్యేలా చెప్పేది అదొక్కటే.

అరవై దాటినవారు, దివ్యాంగ సంతానం ఉన్నవారు ఈ నెలలోనే ఒకరోజు కుటుంబమంతా కూర్చుని ఆస్తుల, అప్పుల, ఖాతాల జాబితా రాసుకోండి. నామినీ డబ్బు అందుకునేవాడే తప్ప, చాలా సందర్భాల్లో వారసుడు కాడని గుర్తుంచుకుని నామినేషన్లనూ వీలునామానూ సరిపోల్చుకోండి. లాయరుకు ఇచ్చే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. దివ్యాంగులకు అక్కడ ఉచిత న్యాయసాయం చట్టం ఇచ్చిన హక్కు. వృద్ధులు ఏ సాయానికైనా 14567కు ఫోన్ చేయవచ్చు. వీలునామా రాస్తే చావును పిలిచినట్లన్న భయం వదలండి. అది మన వెనుక ఉండేవారి బతుకు కోసం చేసే ఏర్పాటు.