దివ్యఖడ్గము అందరి చేతను ఏల వెలుగదు?

1974లో అమెరికాదేశమున గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటలో, బల్లచుట్టును కూర్చున్నవారు తామే వీరులై మాటలతో కథ నడుపుచు, జయాపజయములు తేలవలసినచోట పాచికలు వేయుదురు.

అందు 'హోలీ అవెంజర్' అను దివ్యఖడ్గ మొకటి కలదు. 2014 నాటి నియమావళి ననుసరించి, ధర్మప్రతిజ్ఞాబద్ధుడైన 'పాలడిన్' అను యోధుడు దానిని చేతబట్టి, తక్కిన పనులెల్ల మాని, గంటసేపైనను విశ్రాంతుడై మనస్సు దానియందే నిలిపినగాని దాని మహిమ వానికి వశము కాదు. అస్త్రమునకు మంత్రోపదేశము వలె నన్నమాట!

మహిమ యనగా నేమి? లెక్కయే. ఈ ఖడ్గముతో కొట్టునపుడు ఇరువది ముఖముల పాచికపై పడిన సంఖ్యకు మూడు అదనముగా చేరును. దెబ్బకును మూడు హెచ్చును. ఎదుట నున్నది పిశాచమో, చచ్చియు తిరుగాడు ప్రేతమో యైనచో, పది ముఖముల పాచికలు రెండు వేసి, వచ్చిన మొత్తమును దివ్యతేజోఘాతముగా దెబ్బకు కూర్తురు. అంతేకాదు, పది అడుగుల లోపలి మిత్రులకు సైతము మంత్రప్రయోగములను తట్టుకొను వేళ రెండు పాచికలు వేసి పెద్దదానిని గైకొను వెసులుబాటు లభించును. నాకు మిక్కిలి నచ్చినది ఈ ఔదార్యమే.

ఒక వీరుడు ఇట్లు మనస్సు నిలిపి వశపరచుకొనిన వస్తువులను మూడింటికి మించి ఉంచుకొనరాదు. పాలడిన్ కానివాని చేత నీ ఖడ్గము వట్టి కత్తియే.