మీకు తెలుసా? విమానమూ తూకం వేసుకునే ఎగరాలి!

● చినుకు కోసం అనంతపురం మీద చిన్న విమానాలు తిరిగాయి! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే పడే ఈ జిల్లాలో 2000ల దశకంలో ప్రభుత్వం మేఘమథనం చేయించింది; అలాంటప్పుడు మబ్బులో చల్లే రసాయనం బరువునూ పైలట్ ముందే లెక్కలో వేసుకోవాలి.

● నాలుగు సీట్లున్నా నలుగురు ఎక్కలేని విమానం ఉంటుందా? ఉంటుంది! సెస్నా 172ఎస్ గాల్లోకి లేవగల గరిష్ఠ బరువు 1,157 కేజీలు. ఖాళీ విమానమే సుమారు 750, నిండు ట్యాంకు పెట్రోలు 144. ఇక మిగిలేది 263 కేజీలే! 70 కేజీల మనుషులు నలుగురైతే 280. ఒకరు దిగాలి, లేదా కొంత పెట్రోలు తీసెయ్యాలి.

● లీటరు నీళ్లు కేజీ తూగితే, లీటరు విమానపు పెట్రోలు 720 గ్రాములే! అందుకే లీటర్లను కేజీల్లోకి మార్చాకే కూడిక మొదలవుతుంది.

● ఆ మార్పిడి తప్పితే? 1983లో ఎయిర్ కెనడా విమానానికి 22,300 కేజీల ఇంధనం కావాల్సి ఉండగా 22,300 పౌండ్లే ఉంది, అంటే సగం కూడా లేదు! దారిలో ఇంజన్లు ఆగిపోయినా, పైలట్లు గాలిలో జారుకుంటూ గిమ్లీ అనే ఊళ్లో దించారు, అందరూ బతికారు.

● బరువు సరిపోతే చాలదు, అది ఎక్కడుందన్నదీ ముఖ్యమే! కావడి మోసేవారికి ఈ రహస్యం ఎప్పుడో తెలుసు. ఒక్కో బరువును ఒక స్థిరమైన గుర్తు నుంచి దానికున్న దూరంతో హెచ్చవేసి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గురుత్వ కేంద్రం తేలుతుంది. నిండు బరువుతో ఉన్న సెస్నాలో ఆ కేంద్రం అటూ ఇటూ కదలడానికి ఉన్న చోటు ఆరంగుళాల పైచిలుకు. జానెడైనా లేదు! 20 కేజీల సంచిని ముందు సీటు నుంచి వెనక సామాను అరలోకి మార్చారా, దాదాపు ఒక అంగుళం అయిపోయినట్టే. తోక మరీ బరువైతే, అదుపు తప్పిన విమానాన్ని మళ్లీ దారిలో పెట్టడం చాలా కష్టం.

● 40 డిగ్రీల ఎండలో పుట్టపర్తి రన్‌వే హార్సిలీ హిల్స్‌ను మించిపోతుంది! 1990లో మొదలైన ఈ విమానాశ్రయం ఉన్నది 475 మీటర్ల ఎత్తులోనే. కానీ వేడికి గాలి పలచబడి, విమానానికి అది దాదాపు 1,500 మీటర్ల ఎత్తులా తోస్తుంది. హార్సిలీ కొండ 1,265 మీటర్లే మరి! రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజన్ బలం తగ్గుతుంది, నేల మీద పరుగు పెరుగుతుంది. తెల్లారగట్ల హాయిగా లేచిన విమానమే మధ్యాహ్నం అదే బరువుతో ఆయాసపడుతుంది.

● మీ బరువును బట్టి టికెట్ ఇస్తే ఎంత కడతారు? 2013లో సమోవా ఎయిర్ అలాగే చేసింది! మనిషినీ సామానునూ కలిపి తూచి, కేజీకి ఇంత అని తీసుకుంది.

● రైట్ సోదరుల 1903 విమానంలో కుడి రెక్క ఎడమ రెక్క కంటే 4 అంగుళాలు పొడవు! కుడివైపున్న ఇంజన్ పక్కనే పడుకున్న పైలట్ కంటే బరువు మరి.